ఏడు అతుకులు

మా బావమరిది దర్జీ. కాజాలు చేత్తో కుట్టేవాడు. మిషన్ కాజాకూ చేతి కాజాకూ తేడా కనిపెట్టగలిగేవాళ్ళు మా వైపు ఏ పదిమందో ఉంటారు. ఆ పదిమందీ కోట్లు వాడి దగ్గరే కుట్టించుకునేవాళ్ళు. వాడి కుడిచేతిని పాడుచేసింది నేను. ఎలా పాడుచేశానో రాస్తాను. ఎందుకన్నది కూడా రాస్తాను గాని, అందులో కొంత నాకే సరిగా తెలియదు.

నేను రేడియేటర్లు బాగుచేస్తాను. నలభై ఏళ్ళుగా అదే పని. లారీలవి, బస్సులవి, అప్పుడప్పుడు ట్రాక్టర్లవి. నీళ్ళు కారే చోట సీసం, తగరం కలిపి కరిగించి చిల్లు మూస్తాను. దాన్నే మాటు అంటాం. నా మాటు కారిందని తిరిగి వచ్చిన బండి ఇంతవరకు లేదు.

నా భార్య వాడికి అక్క. ఆమె పోయి మూడేళ్ళు కావస్తోంది. రొమ్ములో గడ్డ. ఆమెకు తెలిసిన అయిదు నెలలకు నాకు తెలిసింది. ఆ అయిదు నెలలూ సంగతి తెలిసిన మనిషి ఇంకొకడున్నాడు, వాడే. బావకు చెప్పొద్దని అడిగిందట. వీడు చెప్పలేదు. వారానికి రెండు మూడుసార్లు మా ఇంటికి వచ్చేవాడు, నా పక్కనే కూర్చుని భోంచేసేవాడు, బండ్ల గురించి అడిగేవాడు, నవ్వేవాడు. నాకు తెలిసేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు. ఆమె పోయిన రోజు వాడు నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నేను చేతులు విడిపించుకున్నాను. వాడితో మాట్లాడడం మాత్రం మానేయలేదు. మానేస్తే వాడికి తేలికైపోయేది.

ఆ తర్వాత కూడా ఆదివారం మధ్యాహ్నాలు వాడు వస్తూనే ఉన్నాడు. వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఏం మాట్లాడాలో తెలియక నీళ్ళు నమిలేవాడు. నేను సాయం చేసేవాణ్ణి కాదు. గోడ గడియారం చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక్కోసారి గంటసేపు ఆ గడియారం చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు ఉండేది కాదు.

అలాంటి ఒక ఆదివారం వాడు ఫోను తీసి నా ముందు పెట్టాడు. ఎవడో గడ్డంవాడు పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి, దానికి రాగి గొట్టం తగిలించి, గొట్టం చివర చుక్కచుక్కగా సారా పడుతుంటే మురిసిపోతున్నాడు.

"బావా, మనం కూడా ఇంట్లోనే దించుకోవచ్చు," అన్నాడు.

"దించుకుంటే లోపల వేస్తారు."

"అమ్మితే వేస్తారు. మన ఇంట్లో, మన గొంతులో పోసుకుంటే ఎవడికి తెలుస్తుంది? నీకు గొట్టాలు తెలుసు. నాకు తాగడం తెలుసు. ఇంకేం కావాలి?"

నాకు తాగుడు అలవాటు లేదు. అయినా సరేనన్నాను. గొట్టం, మంట, నీళ్ళు, ఇవి నాకు తెలిసిన పనులు. సాయంత్రం షెడ్డు మూసి ఇంటికి వస్తే చేతులకు పనుండేది కాదు. ఇంకో కారణం కూడా ఉంది. వాడు నా ఎదురుగా ఉండాలి. నన్ను చూసిన ప్రతిసారీ వాడికి లోపల ఎక్కడో గుచ్చుకోవాలి. అందుకు ఆదివారం ఒక్క గంట సరిపోవడం లేదనిపించింది.

మా ఇద్దరికీ అందులో ఓనమాలు రావు. మొదటిసారి పంచదారను మరిగే నీళ్ళలో కరిగించి, ఆ వేడి మీదే ఈస్టు చల్లాం. అది అక్కడికక్కడే చచ్చింది. మూడు రోజులైనా ఒక్క బుడగ రాలేదు. మా బావమరిది ప్లాస్టిక్ డ్రమ్ముకు చెవి ఆనించి విని, "ఉలుకూ పలుకూ లేదు బావా," అన్నాడు. రెండోసారి నీళ్ళు చల్లారాకే ఈస్టు వేశాం గాని, మూత బిగించేశాం. లోపలి గాలి పోయే దారి పెట్టలేదు. అయిదో రోజు మూత ఎగిరి కప్పుకు తగిలింది. పులిసిన నీళ్ళు గోడల మీద, గిన్నెల మీద, వాడి కొత్త చొక్కా మీద. "అక్క ఉంటే ఇద్దరినీ వాకిట్లో నిలబెట్టి కడిగేది," అన్నాడు వాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఆ రోజంతా నా మీద నాకే కోపంగా ఉంది.

మూడోసారి కుదిరింది. మూతకు సన్నని గొట్టం పెట్టి, దాని కొసను నీళ్ళ సీసాలో ముంచాం. పది రోజులు బుడబుడమంటూ బుడగలు వచ్చాయి. పదకొండో రోజుకు ఆగాయి. వాసన పుల్లగా, ఘాటుగా ఉంది. ఇక దించడమే మిగిలింది.

గిన్నెగా నా భార్య పెద్ద కుక్కర్ తీశాను. చుట్టాలు వచ్చినప్పుడే అది అటక మీంచి దిగేది. ఆమె పోయాక మా ఇంటికి చుట్టాలెవరూ రాలేదు.

గొట్టం దగ్గర మాట తేడా వచ్చింది. గడ్డంవాడు వాడింది కొత్త రాగి గొట్టం. డబ్బా చుట్టూ తిప్పి స్ప్రింగులా చేశాడు. మొదలు నుంచి చివరి దాకా ఒకే ముక్క, ఎక్కడా అతుకు లేదు. అలాంటిదే కొందామని మా బావమరిది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"అతుకు వెయ్యడం రానివాడు కొత్త గొట్టం కొంటాడు," అన్నాను. "నా షెడ్డులో రాగి లేదా?"

పాత బస్సు ఆయిల్ కూలర్ ఒకటి మూలన పడి ఉంది. దాని గొట్టాలు గుండ్రనివి, మంచి రాగి. మూరెడు పొడవున్న ముక్కలు ఎనిమిది విప్పాను. ఒక్కొక్కదాన్ని వంచి, కొసకు కొస చేర్చి మాటు వేశాను. ఏడు అతుకులు. రెండు సాయంత్రాలు పట్టింది. తర్వాత ఒక కొస మూసి, రెండో కొసకు కంప్రెసర్ తగిలించి, నీళ్ళ తొట్టిలో ముంచాను. రేడియేటర్లకు చేసే పరీక్ష అదే. ఎక్కడైనా వెంట్రుకంత సందుంటే బుడగ వస్తుంది. ఒక్క బుడగ రాలేదు.

మా బావమరిది ఆ చుట్టను వెలుతురులో పెట్టి, అతుకుల మీద బొటనవేలు నడిపి చూశాడు. "కుట్టు తగలడం లేదు బావా," అన్నాడు. దర్జీ నోట అంతకంటే పెద్ద మెప్పు ఉండదు. నాకు సంతోషమైంది. ఆమె పోయాక ఏదైనా ఒక విషయానికి సంతోషపడడం అదే మొదలు.

సన్న మంట మీద కుక్కర్ పెట్టాం. చుట్టను చల్లనీళ్ళ బక్కెట్లో దించాం. అరగంటకు మొదటి చుక్క పడింది. మొదట దిగేది విషమని, ఒక గ్లాసు పారబోయాలని, చివర దిగేది కంపు కొడుతుందని, అదీ పనికిరాదని మా బావమరిది ఫోనులో చూసి నేర్చుకున్నాడు.

"తలా తోకా తీసెయ్యాలన్నమాట," అన్నాడు.

"అదేమన్నా చేపా?"

"చేపయితే ఈపాటికి నీకు వాసనొచ్చేది."

మొదటి గ్లాసు గోళ్ళ రంగు వాసన వేసింది. పారబోశాం. జాగ్రత్త కోసం ఇంకో అరగ్లాసు కూడా పారబోశాం. ఆ విషం విషయంలో మేం అంత జాగ్రత్తగా ఉన్నాం. మధ్యలోది చెంచాలో పోసి అగ్గిపుల్ల గీస్తే నీలంగా మండింది. మంచి సరుకే అనుకున్నాం. మంటకు ఏం తెలుసు?

నేను నాలుక కొసతో అంటి చూసి వదిలేశాను. వాడు నీళ్ళు కలుపుకుని నెమ్మదిగా తాగాడు. "చివర్లో కాస్త తియ్యగా తగులుతోంది బావా," అన్నాడు. పంచదారతో చేశాం కాబట్టి తీపేమో అనుకున్నాను. పంచదార ఆవిరిగా మారి గొట్టంలోకి ఎక్కదు. ఆ మాత్రం ఆలోచించలేదు.

అప్పటి నుంచి అదే మా ఆదివారం పని. ఒక డ్రమ్ము పులుస్తుండగా ఇంకోటి దించేవాళ్ళం. వారానికి సరిపడా సీసా వాడు ఇంటికి తీసుకుపోయేవాడు. బయటివాళ్ళకు ఒక్క చుక్క ఇవ్వలేదు. వాడి భార్యకు ఇదంతా తెలుసు. బజారులో దొరికే మందు కంటే ఇంటిదే నయం అనుకుంది. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది, వాళ్ళింటికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ అదే పిలుపు. మీరు చేస్తున్నది కాబట్టి నాకు బెంగ లేదు అన్నయ్యా అంది ఒకసారి.

అయిదు నెలలు గడిచాక వాడికి కడుపునొప్పి మొదలైంది. మోకాళ్ళు గుండెకు ఆనించుకుని పడుకుంటున్నాడని, రోజుల తరబడి దొడ్డికి కావడం లేదని, ముఖం పాలిపోయిందని వాడి భార్య చెప్పింది. డాక్టరు గ్యాసు బిళ్ళలిచ్చాడు. ఆ తర్వాత సూది చేజారడం మొదలైంది. "నా చెయ్యి నా మీద అలిగింది బావా," అన్నాడు. కత్తెర పట్టీపట్టీ నరం నలిగిందని ఇంకో డాక్టరు చెప్పాడు. విశ్రాంతి తీసుకోమన్నాడు. దర్జీకి విశ్రాంతి అంటే కొట్టు మూసుకోవడమే. వాడు మూయలేదు.

ఒక బుధవారం, పొడవు తగ్గించమని ఇచ్చిన ప్యాంటు తెచ్చుకుందామని వాడి కొట్టుకు వెళ్ళాను. వాడు బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. సుద్దముక్క అందుకుందామని చెయ్యి చాపాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా చెయ్యి ముందుకు వచ్చింది. అక్కడి నుంచి కిందికి వాలిపోయింది, తాడు మీద ఆరేసిన తడిబట్టలా. వేళ్ళు లేపాలని చూశాడు. లేవలేదు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టి పైకెత్తి, సుద్దముక్క మీద పెట్టాడు.

అలాంటి చేతిని నేను అంతకుముందు చూశాను. నాకు పని నేర్పిన పెద్దమేస్త్రికి రెండు చేతులూ అలాగే ఉండేవి. టీ గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగేవాడు. సబ్బుతో మూడుసార్లు కడుక్కోకుండా నోట్లో ఏదీ పెట్టకు, సీసం ముందు కడుపును పట్టుకుంటుంది, తర్వాత చేతుల్ని తింటుంది అని పనిలో చేరిన మొదటి రోజే చెప్పాడు. పళ్ళ చిగుళ్ళ మీద పెన్సిల్‌తో గీసినట్టున్న నల్లటి గీత చూపించాడు. నలభై ఏళ్ళలో ఒక్కరోజు కూడా నేను మూడుసార్లు కడుక్కోకుండా భోజనానికి కూర్చోలేదు. అలాంటివాణ్ణి, ఏడు మాటుల మీదుగా, సీసాన్ని తియ్యగా కరిగించుకునే పుల్లటి ఆవిరిని నడిపించి, దించిన దాన్ని మనిషి చేత తాగించాను. గొట్టం కారుతుందా లేదా అని చూశాను. అది తప్ప ఇంకేదీ చూడలేదు.

ప్యాంటు చూపించి, ఇది నాకు కుట్టావా, నీ పిల్లనిచ్చిన మామకు కుట్టావా అన్నాను. వాడు నవ్వాడు. నాకు కావలసింది ఆ నవ్వే. కింది చిగురు మీద గీత ఉంది.

ప్యాంటు చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. చెప్పలేదు.

పదకొండు రోజులు చెప్పలేదు. ఖాయంగా తెలియనిదే ఎలా చెబుతాం అని మొదటి రెండు రోజులు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు ఖాయంగా తెలుసు. ఒంట్లో ఏముందో పక్కవాడికి తెలిసి, తనకు తెలియకుండా తిరగడం ఎలా ఉంటుందో వాడూ చవిచూడాలనిపించింది. అది నిజం. నా మాటు ఒక మనిషి చేతిని తినేసిందని నా నోటితో చెప్పడానికి ముఖం చెల్లలేదు. అదీ నిజం. ఈ రెండింటిలో ఏది ఎక్కువో ఇప్పటికీ తూచలేకపోతున్నాను.

ఆ పదకొండు రోజుల మధ్యలో ఒక ఆదివారం వచ్చింది. వాడు మామూలుగానే వచ్చాడు. ఎడమచేత్తో గ్లాసు చాపాడు. నేను సగం పోశాను.

"నిండా పొయ్యి బావా. నొప్పికి ఇదొక్కటే పనిచేస్తోంది."

నిండా పోశాను.

తర్వాతి ఆదివారం వాడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. చొక్కా గుండీలు ఆమే పెట్టినట్టుంది, ఒకటి తప్పి పై కాజాలోకి పోయింది. ఊరందరి గుండీలూ సరిచేసే మనిషి దాన్ని సరిచేసుకోలేక అలాగే వచ్చాడు. గురువారం మణికట్టు కోసి నరాన్ని వదులు చేస్తామని డాక్టరు చెప్పాడట. కోస్తే బాగవుతుందన్న హామీ లేదట. కోయకపోతే అసలు ఆశే లేదట. ఇదంతా ఆమే చెప్పింది.

"గురువారం నువ్వు కూడా రావాలి బావా," అన్నాడు చివరికి. "నాకు భయంగా ఉంది."

అప్పుడు అడిగాను. రెండేళ్ళకు పైగా అడగనిది.

"అయిదు నెలలు నాకెందుకు చెప్పలేదు?"

వాడి భార్య లేచి పక్కగదిలోకి వెళ్ళబోయింది. వాడు కూర్చోమన్నాడు.

"అక్క అడిగింది బావా. నీకు తెలిస్తే తనను బాగుచెయ్యడానికొచ్చిన బండిలా చూస్తావంది. పొద్దున లేచింది మొదలు ఎక్కడ కారుతోందా అని వెతుకుతావంది. నీతో మామూలుగా ఉండాలని ఆశపడింది, ఉన్నన్నాళ్ళు. తప్పే. నేను చెప్పాల్సింది. ఎన్నిసార్లో చెబుదామనే మీ గుమ్మం దాకా వచ్చాను. నువ్వు కుర్చీ వేసేవాడివి. కూర్చునేవాణ్ణి."

ఆమె అలా అని ఉంటుంది. ఆ మాటతీరు ఆమెదే. విన్నాక నాలో ఏదో కరుగుతుందని వాడు ఎదురుచూశాడు. ఏమీ కరగలేదు. బాగుచేసేవాణ్ణేమో. ఆ అవకాశం నాకు ఇవ్వకుండా పోవడానికి వాళ్ళిద్దరూ ఎవరు?

ఆ కోపంలోనే చెప్పాను. జాలితో చెప్పానని ఎవరూ అనుకోవద్దు.

"గురువారం కోయించుకోకు. నీ చేతికి వచ్చింది నరం జబ్బు కాదు. సీసం. నా మాటుల్లోంచి దిగింది. ఇన్నాళ్ళూ నువ్వు తాగింది అదే."

వాడు అలమర మీదున్న రాగి చుట్టను చూశాడు. తర్వాత తన చేతిని చూశాడు. వాడి భార్య అర్థం కాక, సీసం ఏమిటి అన్నయ్యా అని అడిగింది. పెద్దమేస్త్రి సంగతి, చిగురు మీద గీత సంగతి చెప్పాను. ఆమె లేచి వాడి పెదవి కిందికి లాగి చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు వాడు.

తప్పించుకోవచ్చు. ఇప్పుడే, నీ చెయ్యి చూశాక అంటే నమ్మేవాడు.

"పోయిన బుధవారం కాదు, అంతకు ముందు బుధవారం. ప్యాంటు కోసం వచ్చినప్పుడు."

వాడు లోపల రోజులు లెక్కపెట్టడం నాకు కనిపించింది.

"మధ్యలో ఆదివారం వచ్చాను."

"వచ్చావు."

"నిండా పొయ్యమన్నాను."

"పోశాను."

వాడు ఎడమచెయ్యి బల్లకు ఆనించి లేచాడు. వాడి భార్య ఆ తప్పిన గుండీ విప్పి సరిగా పెట్టింది. తొందరపడలేదు. తర్వాత నా వైపు తిరిగి, డాక్టరుకు చూపించాలి, ఆ గొట్టం ఇవ్వండి అంది. పాత పేపర్లో చుట్టి ఇచ్చాను. పిలుపు లేకుండా ఆమె నాతో మాట్లాడడం అదే మొదలు.

వాళ్ళ వెనకే నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. రక్తం తీశారు. రెండు రోజులకు లెక్క వచ్చింది. ఇంత సీసంతో మనిషి ఎలా తిరుగుతున్నాడని డాక్టరమ్మ అడిగింది. చిన్న పిల్ల, ముప్ఫై దాటి ఉండవు. ఆపరేషన్ మాట కొట్టేసింది. సీసాన్ని పట్టి ఒంట్లోంచి బయటికి లాగే మందు ఎక్కించారు. కడుపు నొప్పి తగ్గింది. ముఖంలోకి రక్తం వచ్చింది. చేతి సంగతి మాత్రం చెప్పలేమన్నారు.

నడవలో ఆమెను ఆపి, పదకొండు రోజులు ముందు వచ్చి ఉంటే తేడా ఉండేదా అని అడిగాను. నేనెవరో ఆమెకు తెలియదు.

"ఉండకపోవచ్చండి. ఉండొచ్చు కూడా. అంత లెక్కగా ఎవరూ చెప్పలేరు," అంది. వేరే పేషెంటు కోసం పిలిస్తే వెళ్ళిపోయింది.

కుక్కర్‌ను, డ్రమ్ములను పాత సామాన్లవాడికి వేసేశాను. సారా మోరీలో పోశాను. నా చేతికేం కాలేదు.

దర్జీకి నరం జబ్బు చేసిందనే వీధిలో అందరూ అనుకుంటున్నారు. ఇంట్లో దించిన సంగతి బయటపడితే నా షెడ్డు ఉండదు, నేనూ బయట ఉండను. వాడు ఎవరికీ చెప్పలేదు. దాచడం వాడికి అలవాటే. అందుకు నేను వాడికి రుణపడలేదు. వాడి పాత తప్పును కొట్టివేయనూ లేదు. నాది వాడు కొట్టివేయాలని అడగను.

ఆదివారాలు రావడం మానేశాడు. మిషన్ కాలితో తొక్కేది కాబట్టి సూటి కుట్లు వేయగలుగుతున్నాడు. కాజాలు బయట మిషన్ మీద వేయిస్తున్నాడు. ఆ పదిమందిలో ఏడుగురు వేరే చోట చూసుకున్నారు.

పొద్దునపూట కొట్టు ముందు బల్ల వేసుకుని, మోచెయ్యి దాని మీద ఆనించి, మణికట్టును పైకెత్తే వ్యాయామం చేస్తాడు. రోజుకు యాభైసార్లు చేయాలని చెప్పారట. వాడి భార్య పక్కన నిలబడి లెక్కపెడుతుంది. షెడ్డుకు వెళ్ళడానికి నాకు ఇంకో వీధి ఉంది. అయినా అటే వెళతాను. వెళ్ళేటప్పుడు ఆ చెయ్యి బల్ల మీంచి ఎంత ఎత్తు లేస్తోందో చూస్తాను. చూస్తానని వాడికి తెలుసు. తలెత్తడు.

మొదట్లో రెండు వేళ్ళ ఎత్తు కూడా లేచేది కాదు. ఈ ఉదయం నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది, ముప్ఫై ఎనిమిదోసారికి వణికి ఆగిపోయింది. ఆమె లెక్క ఆపింది. నన్ను చూసింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టమని వాడికి చెప్పింది. వాడు మొదలుపెట్టాడు.